వంటల పుస్తకం ఏ బీరువాలో ఉండాలి?

సంపాదకులు గారికి,

నమస్కారములు. చిత్తూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు తెలుగు బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయినిని నేను. మన పౌర గ్రంథాలయాల్లో ఒక రచయిత్రి పుస్తకాలు ఒకదానికొకటి సంబంధం లేనట్టు చెల్లాచెదురైపోయిన తీరును తమ పత్రిక ద్వారా సంబంధిత అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆ రచయిత్రి మాలతీ చందూర్.

గత నెలలో, తెలుగు ఎం.ఏ. చదువుతున్న మా మనవరాలితో కలిసి ఒక గ్రంథాలయానికి వెళ్లాను. ఆమెకు ‘హృదయనేత్రి’ నవల కావలసి వచ్చింది, దొరికింది. ఇదే రచయిత్రి రాసిన మిగతా పుస్తకాలు కూడా చూపించమని అడిగితే, జాబితాలో ఈ పేరు మీద ఉన్నవి రెండు నవలలేనని సమాధానం వచ్చింది. తీరా మేమే బీరువాలు వెతకగా, ‘పాత కెరటాలు’ సంపుటం అనువాదాల అరలో, మరో నవల పేరులోని అక్షరం తారుమారై వేరే చోట కనిపించాయి. ‘వంటలు-పిండివంటలు’ మాత్రం కుట్టుపని పుస్తకాల పక్కన, తాళం వేసిన గృహవిజ్ఞానం బీరువాలో ఉంది. ఈ మూడూ రాసింది ఒక్కరేనని చెప్పేదాకా మా మనవరాలికి తెలియదు. ఆమెను తప్పు పట్టను. ఆ గదిలో ఆ సంగతి తెలిపే కాగితం ఒక్కటీ లేదు.

నూజివీడులో పుట్టి, మద్రాసులో స్థిరపడి, 2013 ఆగస్టులో అక్కడే కన్నుమూసిన మాలతీ చందూర్ గారు కథలు, నవలలు రాశారు. ‘చంపకం-చెదపురుగులు’, ‘శతాబ్ది సూరీడు’ వంటివి చదివిన తరం ఇంకా మన మధ్య ఉంది. స్వాతంత్ర్యోద్యమ నేపథ్యంలో సాగే ‘హృదయనేత్రి’కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. (ఆ మరుసటి ఏడు అదే పురస్కారం మన దామలచెరువు మధురాంతకం రాజారాం గారి కథలకు వచ్చింది కాబట్టి, ఆ రెండు సంవత్సరాలూ మా ఉపాధ్యాయుల గదిలో ఎంత చర్చ నడిచిందో నాకు బాగా గుర్తు.) ఇంగ్లీషులో పేరుపొందిన నవలలను చదివి, వాటి కథనూ, పాత్రల తీరునూ, రచయిత జీవితాన్నీ ఇంగ్లీషు రానివారికి సైతం అందేటట్టు ఆమె ‘పాత కెరటాలు’ పేరుతో తెలుగులో ఏళ్ల తరబడి పరిచయం చేశారు. కళాశాల ముఖం చూడని ఎందరో గృహిణులకు ప్రపంచ సాహిత్యం తెలిసింది ఆ పేజీల్లోనే. పాండిత్యమంటే పాదసూచికలే అనుకునేవారు దీన్ని పాండిత్యంగా ఒప్పుకోకపోవచ్చు. వందల కొద్దీ నవలలను మూలంలో చదివి, ఏది చెప్పాలో ఏది వదలాలో తేల్చుకోవడాన్ని మరి ఏమనాలో వారే చెప్పాలి.

వీటన్నిటికీ సమాంతరంగా, 1950ల తొలినాళ్లలో మొదలై దాదాపు 47 ఏళ్లపాటు ఆంధ్రప్రభ వారపత్రికలో ఆమె నడిపిన ‘ప్రమదావనం’ ఉంది. మొటిమలు ఎలా తగ్గుతాయన్న ప్రశ్న దగ్గర నుంచి, చదువు మాన్పించి పెళ్లి చేస్తామంటున్నారు ఏం చేయమంటారన్న ప్రశ్న దాకా ఆ శీర్షికకు ఉత్తరాలు వచ్చేవి. జవాబులు క్లుప్తంగా, కొన్నిసార్లు కాస్త కటువుగా కూడా ఉండేవి. ఆమె సలహాలన్నీ నాకు నచ్చాయని అనను. సర్దుకుపొమ్మని చెప్పిన చోట్ల నాకు కోపం వచ్చిన రోజులున్నాయి. అయినా ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని మాటను ఒక కార్డు ముక్క మీద రాసి మద్రాసుకు పంపవచ్చునన్న ధైర్యం ఆ శీర్షిక వల్లనే ఎందరికో కలిగింది.

ఆ ఉత్తరాలను పక్కన పెట్టి ఆమె నవలలు చదివితే సగమే అర్థమవుతాయన్నది నా అభిప్రాయం. ఆమె నవలల్లోని ఆడవాళ్లు డబ్బు లెక్క చూసుకునే తీరులో, ఉద్యోగం గురించి ఆలోచించే తీరులో ఆ ఉత్తరాల బరువు కనిపిస్తుంది. ఇది ఎవరైనా పరిశోధించి తేల్చవలసిన విషయం. అందుకు పుస్తకాలన్నీ ఒక చోట దొరకాలి, లేదా ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక చోటైనా తెలియాలి.

ఇక్కడ గ్రంథాలయ సిబ్బంది వైపు నుంచి ఒక మాట చెప్పడం న్యాయం. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ దశాంశ వర్గీకరణలో వంటకు 641.5, తెలుగు సాహిత్యానికి 894.827. ఆ పద్ధతి ప్రకారం పోతే వంటల పుస్తకం నవలల పక్కన ఉండదు, ఉండకూడదు కూడా. అరిసెల పాకం కోసం వచ్చినవారు నవలల అరలో వెతుక్కోరు. లోపం వర్గీకరణలో కాదు, రచయిత పేరు మీద ఉండవలసిన జాబితా సరిగా లేకపోవడంలో ఉంది. పూర్వం చెక్క సొరుగుల్లో రచయితకు ఒక కార్డు, పుస్తకం పేరుకు ఒక కార్డు, విషయానికి ఒక కార్డు ఉండేవి. పుస్తకం ఏ అరలో ఉన్నా, రచయిత కార్డు దగ్గర అన్నీ కలుసుకునేవి. కంప్యూటర్లు వచ్చాక ఈ పని మరింత సులువు కావాలి. కానీ ఒకరు ‘మాలతీ చందూర్’ అని, ఒకరు ‘మాలతి చందూరు’ అని, మరొకరు ఇంటిపేరు ముందు పెట్టి ‘చందూర్ మాలతి’ అని ఎక్కించడంతో, యంత్రం లెక్కలో ఒక మనిషి ముగ్గురైపోయింది. దీర్ఘం ఉంటే ఒక రచయిత్రి, లేకపోతే వేరొకరు! ఒక రచయితకు ఒకే పేరు రూపాన్ని ఖాయం చేసి, మిగతా రూపాలన్నిటినీ దానికి కలపడం గ్రంథాలయ శాస్త్రంలో మొదటి పాఠాల్లోనిది. దానికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త ఉద్యోగం అక్కరలేదు.

గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు వాటిని 1931లో ప్రచురించింది మద్రాసులో. అప్పటికి మన జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది అందులో మూడవది, పాఠకుని కాలం వృథా కాకూడదన్నది నాలుగవది. ఆ రోజు మా ఇద్దరి కాలం రెండు గంటలు వృథా అయింది. పాఠకుడు దొరకని పుస్తకాలు ఇంకెన్ని ఉన్నాయో ఆ బీరువాలకే తెలియాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం కాబట్టి, ఈ మాట అడిగే హక్కు మనకు ఉందనే అనుకుంటున్నాను.

అయితే జాబితా సరిచేసినంత మాత్రాన అంతా చక్కబడదు. వంటల పుస్తకం రాసిన మనిషిని సాహిత్యకారుల పంక్తిలో కూర్చోబెట్టడానికి మనకు ఏదో సంకోచం ఉంది. ఆధునిక తెలుగు గద్యానికి దారి వేసిన కందుకూరి వీరేశలింగం గారు ‘రాజశేఖర చరిత్రము’ రాశారు, కవుల చరిత్రలు రాశారు, శరీరశాస్త్రం గురించీ జంతువుల గురించీ కూడా రాశారు; అది ఆయన బహుముఖ ప్రజ్ఞ అని పిల్లలకు నేనే పాఠం చెప్పాను. తిరుపతినే చూడండి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు తాళపత్రాలను పరిష్కరించారు, చాటుపద్యాలను ఏరి కూర్చారు, అన్నమయ్య సంకీర్తనలను వెలుగులోకి తెచ్చారు, తన యోగసాధన అనుభవాలనూ రాశారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయన పేరిట వాఙ్మయ పీఠం పెట్టి ఆ రచనలను ఒక చోటికి తెచ్చింది, ఎంతో మంచి పని చేసింది. పండితుడు యోగం గురించి రాస్తే అది ఆయన సమగ్ర రచనల్లో భాగమైంది. నవలా రచయిత్రి పులిహోర గురించి రాస్తే ఆ పుస్తకం కుట్టుమిషను పక్కకు చేరింది. ఈ తేడా ఎందుకో పెద్దలు ఆలోచించాలి.

వంటల పుస్తకం రాయడం తేలిక అనుకునేవారు ఒక్కసారి ప్రయత్నించి చూడాలి. తల్లి పక్కన నిలబడి నేర్చుకునే పనిని, తల్లికి దూరంగా కొత్త ఊళ్లో కాపురం పెట్టిన పిల్లకు అక్షరాల్లో చెప్పాలి. ‘తగినంత’ అన్న మాట వెనుక ఎంత అనుభవం ఉందో విప్పాలి. మా అత్తగారు ఈ పుస్తకాన్ని మొదట నమ్మలేదు. కృష్ణా జిల్లా వారి చేతి వంట మన సంగటికీ ఊరిబిండికీ సరిపడదని ఆమె వాదన. తరువాత అదే పుస్తకం అంచుల్లో పెన్సిలుతో ‘మిరపకాయలు ఇంకో నాలుగు’, ‘బెల్లం తగ్గించాలి’ అని రాసుకుంటూ 20 ఏళ్లు వాడారు. ఒక పుస్తకంతో పాఠకురాలు అంతకంటే శ్రద్ధగా వాదించడం నేను చూడలేదు.

కాబట్టి నా విన్నపం ఇది. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఉపన్యాసాలు కొన్ని తగ్గినా ఫరవాలేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల గ్రంథాలయాల్లో ఆ వారం రచయితల పేర్ల జాబితాను సరిచేసే పని మొదలుపెట్టాలి, అది మాలతీ చందూర్ పేరుతో మొదలైతే మరీ సంతోషం. ‘ప్రమదావనం’ పుటలు ఇంకా నలిగిపోకముందే వాటిని స్కాన్ చేయించే పనిని తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తలకెత్తుకోవాలని కోరుతున్నాను. మహిళల కోసం 1983లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి తెలుగు ఆడవాళ్ల అర్ధశతాబ్దపు ప్రశ్నల కంటే దగ్గరైన సామగ్రి మరొకటి ఉంటుందనుకోను. పాత పత్రికల సంపుటాలను కాపాడిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు మనకున్నాయి, వాటి సాయం అడగవచ్చు.

మా ఇంట్లోని ‘వంటలు-పిండివంటలు’ ప్రతిని ఏ గ్రంథాలయమైనా ‘హృదయనేత్రి’ పక్కన, ఒక్క వారం ప్రదర్శనకే అయినా, పెడతామంటే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. అట్ట ఊడిపోయింది, పిండివంటల భాగంలో నూనె మరకలున్నాయి. బైండింగు ఖర్చు నేనే భరిస్తాను. అంచులు కత్తిరించేటప్పుడు మా అత్తగారి పెన్సిలు రాత పోకుండా చూడమని మాత్రం మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
చిత్తూరు.