ముసలి పిల్లికి నొప్పి బిళ్ల కంటే ముందు రక్తపరీక్ష

సంపాదకులకు,

అయ్యా,

మా ఇంట్లో పదమూడేళ్ల పిల్లి ఉంది. ఒకప్పుడు వంటింటి గట్టు మీదికి ఒక్క గెంతులో ఎక్కేది. గత వేసవి నుంచి ముందు పీట మీదికి, అక్కడి నుంచి బియ్యం డబ్బా మీదికి ఆగి ఆగి ఎక్కడం మొదలుపెట్టింది. ఇసుక తొట్టెలో కాకుండా పక్కన మూత్రం పోస్తుంటే విసుక్కున్నామే గానీ, అంచు ఎత్తుగా ఉండి కాలు ఎత్తలేకపోతోందని మాకు తట్టలేదు. తెలిసిన మందుల దుకాణంలో అడిగితే మనుషులు వాడే నొప్పి బిళ్లను నాలుగో వంతు చేసి వేయమన్నారు. వేయకుండా ముందు పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం దాని అదృష్టం. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) డెసిలీటరుకు 3.1 మిల్లీగ్రాములు వచ్చింది. కిడ్నీ జబ్బు తీవ్రతను చెప్పడానికి పశువైద్యులు పాటించే ఐరిస్ వర్గీకరణలో 2.9 నుంచి 5 వరకు మూడో దశ.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ బిళ్లే. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు కనుక ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు. మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందును పిల్లులకు పదేపదే ఇస్తే కిడ్నీలు దెబ్బతిని చనిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో మందు పెట్టె మీదే హెచ్చరిక వేయించింది. ఇక ముసలి పిల్లికి కీళ్ల నొప్పి, కిడ్నీ జబ్బు రెండూ తరచుగా కలిసే వస్తాయి. పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించి అమెరికాలో 2002లో ప్రచురించిన అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. క్రియాటినిన్ పెరిగిందని పరీక్షలో తేలేనాటికి కిడ్నీల పనితనంలో దాదాపు ముప్పాతిక భాగం పోయి ఉంటుంది. అందుకే కుంటుతున్న పిల్లికి నొప్పి మందు రాసే ముందు కిడ్నీ పరీక్ష తప్పనిసరి కావాలి.

మందుకు ఇంత ఇరకాటం ఉన్నచోట ఆహారమే పెద్ద ఆసరా. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1940ల చివర్లో మార్క్ మోరిస్ అనే పశువైద్యుడు కిడ్నీ జబ్బు ఉన్న కుక్కల కోసం రూపొందించిన ఆహారాన్ని కాన్సస్‌లోని టొపీకాలో డబ్బాల్లో నింపి అమ్మడంతో ఈ పద్ధతి వ్యాపించింది. కిడ్నీ ఆహారంలో భాస్వరం తక్కువగా, మాంసకృత్తులు మితంగా, మేలిరకంగా ఉంటాయి. అందులో కలిపే చేపనూనెలోని ఒమేగా-3 కిడ్నీలకే కాక కీళ్ల వాపుకూ పనికొస్తుంది. కీళ్ల కోసం అమ్మే ప్యాకెట్లు వేరు. వాటిలో భాస్వరం అంతగా తగ్గించి ఉండదు కనుక, రెండు జబ్బులూ ఉన్న పిల్లికి అవీ ఇవీ కలిపి పెడితే లెక్క తప్పుతుంది.

తడి ఆహారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులు కావడంతో వాటికి దాహం తక్కువ. పొడి గుళికల్లో నీరు పదోవంతు ఉంటే తడి ఆహారంలో 75 నుంచి 80 శాతం ఉంటుంది. 85 గ్రాముల ప్యాకెట్లు మూడు తింటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు తెలియకుండానే లోపలికి వెళుతుంది. మా పిల్లి మొదటి రెండు రోజులు వాసన చూసి వెనక్కి తిరిగింది. ప్యాకెట్టును వేడినీళ్ల గిన్నెలో ఉంచి, గోరువెచ్చగా అయ్యాక పాత ఆహారంలో చెంచాడు కలిపి, వేలితో మూతికి రాస్తే నాకింది. పూర్తిగా అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది. ఆకలి మీద దానంతటదే తింటుందని పస్తు పెట్టకూడదు. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి అదొక కొత్త ప్రమాదమవుతుంది. మా కాకినాడలో ప్రేమతో పెట్టే ఎండు నెత్తళ్లు, చేప తలకాయలు కిడ్నీ జబ్బుకు పనికిరావు. ఆ ముళ్లలోనే భాస్వరం ఎక్కువ. వాటిని మాన్పించడం నాకు చాలా బాధ కలిగించింది.

ఖర్చు భరించడం కష్టంగానే ఉంది. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు వైద్యుడు రాసే ఈ ఆహారాన్నీ మామూలు పెంపుడు జంతువుల ఆహారాన్నీ ఒకే గాటన కట్టి 18 శాతం శ్లాబులో చేర్చారు. ధర ఇచ్చి కొందామన్నా మా ఊరి దుకాణాల్లో పొడి రకం తప్ప తడి రకం దొరకడం లేదు. మరోపక్క అదే పొడి రకాన్ని వైద్యుడి చీటీ అడగకుండా ఎవరికి పడితే వారికి అమ్ముతున్నారు. ఎదిగే పిల్లకూనకు ఇది మంచిది కాదు.

జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో పిల్లులకు క్రియాటినిన్, భాస్వరం పరీక్షలు చేసే ఏర్పాటు చేయాలని, మనుషుల నొప్పి బిళ్లలను పిల్లులకు ఇవ్వరాదని మందుల దుకాణాల్లో బోర్డు పెట్టించాలని పశుసంవర్ధక శాఖ, ఔషధ నియంత్రణ శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చీటీ తెచ్చినవారికి తడి ఆహారం తెప్పించి ఇవ్వాలని వ్యాపారులకు నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ