డేటన్‌లో ఏముంది అంటే ఎలా అమ్మలూ

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో అమెరికాలో, ఒహాయోలో నువ్వుంటున్న ఊరి గురించి, ఈ డేటన్‌లో ఏముంది నాన్నా, సాయంత్రం అయ్యేసరికి డౌన్‌టౌన్ ఖాళీ, డల్లాస్ వెళ్ళిపోతా అన్నావు. జాబ్ అక్కడొస్తే నిక్షేపంగా వెళ్ళు. కానీ ఆ ఊళ్ళో ఏమీ లేదని మాత్రం అనకు తల్లీ, ఉద్యోగమంతా ఇరిగేషన్‌లో చేసినవాణ్ణి, నాకు ఆ ఊరంటే చాలా గౌరవం.

1913 మార్చిలో గ్రేట్ మయామీ నది గట్లు తెగి డౌన్‌టౌన్‌లో 20 అడుగుల దాకా నీళ్ళొచ్చాయి, జనం అటకలెక్కి కూర్చున్నారు, ఆ లోయ మొత్తంలో 360 మందికి పైగా పోయారు. 2024లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో బాబాయ్ వాళ్ళు మేడ మీద పాల ప్యాకెట్ కోసం ఎదురుచూశారే, అదే అవస్థ. అక్కడ క్యాష్ రిజిస్టర్ల కంపెనీ ఓనర్ ప్యాటర్సన్ ఫ్యాక్టరీలో పని ఆపించి తన వడ్రంగులతో 300 దాకా పడవలు చేయించాడట.

నీళ్ళు తీశాక వాళ్ళు గవర్నమెంట్ కోసం చూస్తూ కూర్చోలేదు. ఇంకోసారి ఇలా కానివ్వకూడదని అటక మీద ఉన్నప్పుడు అనుకున్న మాట మర్చిపోకండి అని ఊరంతా చెప్పుకుని 20 లక్షల డాలర్లకు పైగా చందాలేసుకున్నారు. ఆర్థర్ మోర్గాన్ అనే ఇంజనీర్‌ని పెట్టుకుని 1922 కల్లా ఐదు మట్టి డ్యామ్‌లు కట్టారు, ఫెడరల్ డబ్బు పైసా లేదు. వాటికి గేట్లుండవు. అడుగున కాంక్రీట్ తూము, మామూలు రోజుల్లో ఏరు అందులోంచి దానంతటదే పోతుంది, డ్యామ్ వెనక పొలాలు దున్నుకుంటారు, వరదొస్తే తూము పట్టినంతే కిందకి పోయి మిగతాది వెనక నిలబడి నిదానంగా దిగుతుంది. 1913 వరద కంటే 40 శాతం ఎక్కువొచ్చినా తట్టుకునేలా లెక్కేశారు. అర్ధరాత్రి గేటు ఎత్తాలా వద్దా అని ఫోన్ల మీద ఫోన్లు చేసినవాళ్ళకి తెలుస్తుందమ్మా ఆ తూము విలువ.

రైట్ బ్రదర్స్ ఊరని నీకు తెలుసు. 1903లో విమానం మొదటిసారి లేచిన ఫొటో ఉంది చూడు, దాని గాజు ప్లేటు ఆ వరదలో వాళ్ళ ఇంటి వెనక షెడ్‌లో రోజుల తరబడి మునిగే ఉంది, ఒక మూల పాడైంది అంతే. ఆ అన్నదమ్ముల్లో ఆర్విల్‌కి క్లాస్‌మేట్ పాల్ లారెన్స్ డన్‌బర్, బానిసలుగా బతికినవాళ్ళ కొడుకు, లిఫ్ట్ నడుపుతూ అందులో ఎక్కినవాళ్ళకే తన కవితల పుస్తకం డాలర్‌కి అమ్మాడు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, తప్పకుండా చూడు.

ఊరు తగ్గిపోయిన మాట నిజమే, 1960లో 2.62 లక్షల జనం, 2020 లెక్కకి 1.37 లక్షలు, ఆ క్యాష్ రిజిస్టర్ల కంపెనీ కూడా 2009లో జార్జియాకి హెడాఫీస్ మార్చేసింది. అయినా డ్యామ్‌లు మాత్రం ఇంకా కాపలా కాస్తూనే ఉన్నాయి.

వానలు పడ్డాక ఫ్రెండ్స్‌తో ఆ ఐదింట్లో ఒకటైన హఫ్‌మన్ డ్యామ్‌కి వెళ్ళి తూము దగ్గర నీళ్ళు బయటకొచ్చే చోట వీడియో తీసి పంపు, అంచుకి మాత్రం వెళ్ళకు, జారుతుంది. అమ్మ గోంగూర పచ్చడి పంపిస్తోంది, అందాక ఫోన్ చెయ్యి.

నాన్న