మూత తియ్యగానే బుస్సుమంది

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ కులాసానా? చిన్నోడు రాత్రిళ్లు పడుకోనిస్తున్నాడా, లేక మీ ఇద్దరికీ జాగారమేనా? మొన్న ఫోన్లో "నీ పువ్వుల తేనె ఏమైందిరా" అంటే మాట దాటేశాను, గుర్తుందా? సిగ్గేసి దాటేశాను. రెండోసారి కుదిరింది కాబట్టి ఇప్పుడు మొదటిదాని బాగోతం కూడా ధైర్యంగా చెప్తున్నా.

మొదటిసారి నేను వెలగబెట్టింది ఏంటంటే, పొద్దున్నే కోసిన గులాబీ రేకుల్ని కడిగి, తడి ఆరకుండానే తేనెలో వేసేశా. దానికి తోడు పచ్చి అల్లం ముక్కలు. కిటికీలో పెడితే ఎంత అందంగా ఉందో! ఫోటో కూడా తీశా. పదో రోజున మూత తిప్పానో లేదో బుస్సుమంది. పైన వేలెడు నురగ, పులిసిన పిండి వాసన. మూత బిగించి ఇంకో వారం వదిలేసి ఉంటే సీసా పగిలేదేమో.

తేనె ఎన్నేళ్లయినా చెడదంటారు కదా, ఇదేంటి అనుకున్నా. తర్వాత తెలిసింది. 100 గ్రాముల తేనెలో నీళ్లు 17, 18 గ్రాములే, మిగతాది దాదాపు అంతా చక్కెర. ఆ చిక్కదనంలో పులియబెట్టే ఈస్ట్ ఉన్నా కిక్కురుమనకుండా పడుంటుంది. నీళ్లు 20 గ్రాములు దాటాయా, లేచి కూర్చుంటుంది. పచ్చి రేకుల్లో ఉండేదంతా నీళ్లే, పైగా తేనెకి తేమ ఎక్కడున్నా లాక్కునే గుణం. రేకులూ అల్లమూ తేలి పైన చేరాయి, వాటి నీరంతా ఆ పైపొరలోనే చేరింది. చెడింది తేనె కాదురా, నేనే దాన్ని పల్చన చేసి చెడగొట్టా.

రెండోసారి రేకుల్ని నీడలో గుడ్డ మీద పరిచి, వేళ్ల మధ్య నలిపితే గలగలమనేదాకా ఆరబెట్టా. బయట కొన్న బొకేల జోలికి పోలేదు, వాటి మీద ఏ మందు కొట్టారో ఎవడికి తెలుసు? మా కుండీ పువ్వులే. నువ్వు చేసినా తినదగ్గ పువ్వని తెలిసిందే వెయ్యి. అందంగా ఉంది కదా అని గన్నేరు పువ్వు వేశావంటే విషమే.

అల్లం బదులు శొంఠి ముక్క వేశా. ఎండితే ఘాటు తగ్గుతుందనుకుంటాం కానీ, ఎండేటప్పుడు అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్ అనే పదార్థం కొంత షోగాల్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది, అది ఇంకా మంట. దాంతోపాటు వేలెడు దాల్చినచెక్క, కొంచెం నలిపిన మూడు ఏలకులు, ఒక్కటంటే ఒక్క లవంగం. మధ్యలో ఓ చిన్న సీసాలో ఐదు లవంగాలు వేసి చూశాలే! గులాబీ లేదు, తేనె లేదు, పంటి నొప్పికి రాసుకునే మందు నాకినట్టుంది. దాల్చినచెక్క మాత్రం పల్చటి పొరలు చుట్టచుట్టుకుని ఉన్నదే తీసుకో. మందంగా, గట్టిగా ఉండే రకంలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ తింటే కాలేయానికి మంచిది కాదు. అన్నీ ముక్కలుగానే వెయ్యి, పొడి వేస్తే వడకట్టలేం, నోట్లో గరగరలాడుతుంది.

పావుకిలో తేనెకి ఇదీ, ఓ గుప్పెడు ఎండు రేకులూ. వాసన తేనెలోకి త్వరగా దిగాలని పొయ్యి ఎక్కిద్దామని నాకూ చెయ్యి లాగింది. వద్దు. అసలు తేనె వాసనే ఎగిరిపోతుంది. చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చని నీళ్లలో, అంటే 40 డిగ్రీలకు మించకుండా, సీసాని కాసేపు నిలబెట్టి తర్వాత వదిలేశా. ఎండు రేకులు కూడా తేలతాయి కాబట్టి రోజూ ఒకసారి సీసా తలకిందులు చెయ్యాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. సీసా తిప్పగానే ఓ పెద్ద గాలి బుడగ బద్ధకంగా పైకి పాకుతుంది, దాని వెనకే రేకులు ఒక్కొక్కటీ మేలుకున్నట్టు కదులుతాయి. ఆఫీసుకి ఆలస్యమైనా సరే, ఆ బుడగ పైకి చేరేదాకా కదల్లేదు.

రెండు వారాలకి వడకట్టా. చెంచాతో నాలుక మీద వేసుకుంటే ముందు తీపే. మింగి ఊపిరి వదిలినప్పుడు ముక్కులోంచి గులాబీ వస్తుంది. అయిపోయిందనుకునేసరికి గొంతులో శొంఠి వెచ్చగా తగులుతుంది.

నీకో సీసా పంపుతున్నా. చలికి గడ్డకడితే కంగారుపడకు, గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది. కానీ ఒరేయ్, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, చిన్నోడికి ఏడాది నిండేదాకా వేలితో కూడా నాకించొద్దు. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మనకేం కాదు, పసివాళ్ల పేగుల్లో మాత్రం మొలకెత్తి ప్రాణం మీదికి తెస్తాయి. మరిగించినా చావవు. ఇంట్లో పెద్దవాళ్లకీ చెప్పు.

వడకట్టాక మిగిలిన రేకుల ముద్ద మాత్రం పంపట్లేదు. దాని మీద వేడినీళ్లు పోసుకుని నిన్న సాయంత్రమే తాగేశా. చేసినవాడి వాటా రా అది.

నీ
శీను