పెదనాన్నకు స్టార్‌డస్ట్ గురించి

ఇండియానాపోలిస్

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీరూ, పెద్దమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. "స్టార్‌డస్ట్ అనే అమెరికన్ జాజ్ పాటకు ఒకే పేరుతో పది రికార్డులు కనిపిస్తున్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు, అసలుది ఏది?" అని అడిగారు. ఫోన్లో చెబితే సగం మిగిలిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

అసలుది చూపించమంటే తేలికే. ఈ ఇండియానా రాష్ట్రంలోనే, మా ఊరికి తూర్పున రిచ్‌మండ్ ఉంది. అక్కడ స్టార్ పియానో ఫ్యాక్టరీ ఆవరణలో జెన్నెట్ అనే రికార్డు కంపెనీకి ఒక స్టూడియో ఉండేది. పక్కనే రైలు పట్టాలు. బండి పోతుంటే రికార్డింగు ఆపుకోవాల్సిందే. 1927 అక్టోబర్ 31న ఈ పాట స్వరకర్త హోగీ కార్మైకేల్ తన బాణీని మొదటిసారి అక్కడే రికార్డు చేశాడు, పియానో తనే వాయించాడు. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచవలసిన రికార్డింగుల పట్టికలో దాన్ని చేర్చింది. అయితే మీరు విన్న పాట ఇదేనంటే నమ్మరు. మాటలు లేవు, నడక చురుగ్గా ఉంటుంది, విరహం ఎక్కడా వినిపించదు. మిచెల్ పారిష్ సాహిత్యం రాసింది 1929లో. 1930లో ఐషామ్ జోన్స్ బ్యాండు నడక బాగా తగ్గించి వాయించాకే ఇది ప్రేమ పాటగా జనంలోకి వెళ్లింది. అంటే ఈ పాట కాగితం మీద పూర్తయి, ఆ తర్వాత రికార్డులకు ఎక్కలేదు. రికార్డుల మీదే తయారైంది. త్యాగరాజ కృతికి పాఠాంతరాలున్నట్టే అనుకోండి. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రతి పాఠానికీ తేదీ ఉంది, వాయించినవాళ్ల పేర్లున్నాయి.

తాళం వేసుకుని వింటే తేడాలు సులువుగా పట్టుబడతాయి. వాళ్ల తాళం కొలత 'బార్'. ఒక బార్‌కు 4 దెబ్బలు, రెండు బార్లు కలిస్తే మన ఆది తాళం ఒక ఆవర్తనం. పాటలో రెండు భాగాలు. ముందు వచ్చే 'వర్స్' 16 బార్లు, అంటే 8 ఆవర్తనాలు. తర్వాత వచ్చే 'కోరస్' 32 బార్లు, అంటే 16 ఆవర్తనాలు. పాత 10 అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకో ఇరవై ముప్పై సెకన్లు. నిమిషానికి 128 దెబ్బల నడకలో ఒక కోరస్ నిమిషంలో అయిపోతుంది. అదే 64 దెబ్బలైతే రెండు నిమిషాలు పడుతుంది, వర్స్‌కు ఇంకో నిమిషం, అక్కడికి రికార్డు నిండిపోయింది. కాబట్టి నడక తగ్గించినవాళ్లు దేన్నో ఒకదాన్ని వదులుకోవాలి. వర్స్ ఎందుకు ఎగిరిపోయిందో, సోలోలు ఎందుకంత పొట్టిగా ఉన్నాయో చాలాసార్లు ఈ లెక్కతోనే తేలుతుంది.

మీ చెవికి నచ్చే విషయం ఇంకోటి ఉంది. కోరస్ షడ్జమం దగ్గర మొదలవదు. మధ్యమం ఆధారంగా ఉన్న స్వరసముదాయం మీద మొదలవుతుంది. అందులో చతుశ్రుతి ధైవతం ఉంటుంది. రెండు బార్లు కాగానే, అంటే ఒక్క ఆవర్తనం తర్వాత, అది శుద్ధ ధైవతానికి దిగుతుంది. ఆ తర్వాతే పాట ఇంటికి, షడ్జమానికి, చేరుతుంది. పాడేవాడు ఎవరైనా సరే, మనసు కలుక్కుమనేది ఆ దిగుడు దగ్గరే. హార్మోనియం మీద ఒక చేత్తో మ-ద-స పట్టి, తర్వాత ద ఒక్కటే దాని పక్కనున్న కింది మెట్టుకు దించి చూడండి.

ఇక రికార్డులు. ముందు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వినండి, ట్రంపెట్ వాయిస్తూ పాడేవాడు. 1931 నవంబర్ 4, షికాగో, ఓకే కంపెనీ. ఈ బాణీలో గంతులెక్కువ, గొంతు కోసం కాక వాద్యం కోసం పుట్టింది కాబట్టి. ఆయన ఆ గంతులన్నీ తీసేసి, చాలాచోట్ల ఒకే స్వరాన్ని పట్టుకుని మాటల్ని దాని మీదే నడిపిస్తాడు. వెనక శాక్సోఫోన్లు తడబడకుండా దెబ్బ వేస్తుంటే, ఈయన మాట దానికి కాస్త ముందో వెనకో పడుతుంది. నెరవు చేసే విద్వాంసుడు సాహిత్యాన్ని విడగొట్టి ఆవర్తనంలో కొత్త చోట్ల పెట్టడం మీకు తెలుసు, అదే పని ఇక్కడ జరుగుతోంది. ట్రంపెట్, ఆ తర్వాత గొంతు, మళ్లీ ట్రంపెట్. గొంతుతో ఏం చేశాడో ట్రంపెట్‌తోనూ అదే చేశాడు. అదే రోజు పాటను మళ్లీ మళ్లీ రికార్డు చేసిన 'టేకులు' ఒకటికి మించి విడుదలయ్యాయి, వాటిలో ఒకదాని చివర "ఓ మెమరీ" అని మూడుసార్లు అంటాడు. తర్వాత వచ్చిన సంకలనాల్లో ఏ టేకో రాయకుండానే వేసేస్తుంటారు. ఆ మూడు మాటలే గుర్తు పెట్టుకోండి. వినిపించకపోతే మీ చేతిలో ఉన్నది ఇంకో టేకు. రెండూ సంపాదించి ఒకదాని వెంట ఒకటి వినాలి. పాట మీద అభిమానం నాకు అక్కడే ఎక్కువ.

రెండోది క్లారినెట్ విద్వాంసుడు ఆర్టీ షా బ్యాండు, 1940 అక్టోబర్ 7, విక్టర్ కంపెనీ. ఈ పాట అనగానే ఒక తరం అమెరికన్లకు గుర్తొచ్చేది ఇదే. పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఉపోద్ఘాతం ఏమీ ఉండదు. ముల్లు పడగానే బిల్లీ బటర్‌ఫీల్డ్ ట్రంపెట్ పాట ఎత్తుకుంటుంది, వెనక వయొలిన్ల వరుస. తర్వాత షా క్లారినెట్. పెళ్లి బ్యాండులో మీరెరిగిన వాద్యమే, కానీ పై స్థాయికి వెళ్తున్నా కీచుదనం ఉండదు. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టుకోవడం కష్టం. ఆ తర్వాత జాక్ జెన్నీ ట్రాంబోన్. ఆయనకు దక్కినవి 8 బార్లు, నాలుగే ఆవర్తనాలు, ఇరవై సెకన్లకు కాస్త అటూ ఇటూ. ఆ ఇరవై సెకన్ల కోసం రికార్డంతా దాచుకున్నవాళ్లున్నారు. ట్రాంబోన్‌లో స్వరాన్ని చేతితో జరిపే గొట్టమే నిర్ణయిస్తుంది, మీటలుండవు. పై స్వరాన్ని ఒక్క దూకులో అందుకోవాలంటే పెదవి బిగువూ, గొట్టం స్థానమూ ఒకే క్షణంలో కుదరాలి. ఏ మాత్రం తేడా వచ్చినా శ్రుతి చెడుతుంది, లేదా స్వరం పగులుతుంది. జెన్నీ దగ్గర ఆ ప్రయాస కనిపించదు. మొదటిసారి ట్రంపెట్‌ను, రెండోసారి క్లారినెట్‌ను వెంబడించి, మూడోసారికి కింద నడిచే వయొలిన్ల మీద చెవి పెట్టండి.

దానికి నాలుగేళ్ల ముందే విక్టర్ కంపెనీ ఒక విచిత్రం చేసింది. 1936లో ఒకే రికార్డుకు ఒక వైపు బెన్నీ గుడ్‌మన్ బ్యాండు స్టార్‌డస్ట్, ఇంకో వైపు టామీ డార్సీ బ్యాండు స్టార్‌డస్ట్! ఒకటి ఫ్లెచర్ హెండర్సన్ కూర్పులో వాద్యాలతోనే, రెండోదానిలో ఎడిత్ రైట్ గొంతు. పోల్చి వినేవాళ్ల కోసమే చేసినట్టుంటుంది. సంగీతంగా మాత్రం రెండూ షా రికార్డుకు చాలా దూరం.

స్టూడియో బయట పుట్టినవి రెండు చెబుతాను. 1940 నవంబర్ 7న, షా రికార్డుకు సరిగ్గా నెల తర్వాత, నార్త్ డకోటాలోని ఫార్గోలో ఒక నాట్యశాలలో డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండు వాయించింది. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు యువకులు అనుమతి అడిగి, మోసుకెళ్లే యంత్రం మీద నేరుగా డిస్కుల మీదే రికార్డు చేసుకున్నారు. అందులో బెన్ వెబ్‌స్టర్ టెనర్ శాక్సోఫోన్ మీద స్టార్‌డస్ట్ వాయించాడు. స్వరం ముగిశాక కూడా ఊపిరి శబ్దం కొనసాగుతుంది, దాన్ని వినడానికే ఈ రికార్డు. మరొకటి 1947 ఆగస్టు 4న కాలిఫోర్నియాలోని పాసడీనాలో లయొనెల్ హ్యాంప్టన్ కచేరీ. మూడు నిమిషాల కట్టుబాటు లేదు కాబట్టి పాట పావుగంట దాకా సాగుతుంది, ఒక్కొక్కరికీ చేతినిండా చోటు. స్లామ్ స్టీవర్ట్ పెద్ద బేస్‌ను కమానుతో వాయిస్తూ, అదే స్వరాన్ని ఒక స్థాయి పైన తన గొంతుతో కూనిరాగం తీస్తాడు. చివరగా హ్యాంప్టన్ వైబ్రాఫోన్, కర్రలతో కొట్టే లోహపు పలకల వాద్యం.

మాటలు అర్థం చేసుకుంటూ వినాలంటే నాట్ కింగ్ కోల్. 1957లో వచ్చిన 'లవ్ ఈజ్ ద థింగ్' ఆల్బంలోది, గార్డన్ జెన్కిన్స్ కూర్పు. వర్స్‌తో మొదలుపెట్టి కోరస్ ఒక్కసారే పాడి ముగిస్తాడు. పైన చెప్పిన లెక్కకు ఇదే చక్కటి ఉదాహరణ. పెద్దమ్మకు ముందు ఇది వినిపించండి. ఫ్రాంక్ సినాట్రా 1961లో ఇంకో పని చేశాడు. వర్స్ మాత్రమే పాడి, కోరస్ జోలికే పోకుండా ఆపేశాడు. పల్లవి కోసం కాచుకుని కూర్చున్న శ్రోతను అనుపల్లవితోనే పంపేసినట్టు. అయినా ఆ 16 బార్లకు అంత మర్యాద ఇంకెవరూ ఇవ్వలేదు. 1978లో విల్లీ నెల్సన్ పాడినప్పటికి ఇది 'కంట్రీ' అనే అమెరికా పల్లెపాటలు వినేవాళ్ల ఇళ్లలోకీ చేరింది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇంటర్నెట్టులో వినేటప్పుడు విడుదలైన ఏడాది కాదు, రికార్డు చేసిన ఏడాది చూడండి. పేరున్న పాటను అదే కళాకారుడు స్టీరియో వచ్చాక మళ్లీ రికార్డు చేయడం మామూలే, అట్ట మీద బొమ్మ మాత్రం పాతదే వేస్తారు. 1940ల నాటిది 'స్టీరియో' అని రాసి ఉంటే, ఒకే శబ్దాన్ని రెండు ముక్కలు చేసి పక్కలకు నెట్టారని అర్థం. దాన్ని వదిలేయండి. గరగర పూర్తిగా పోగొట్టిన ప్రతి కూడా వద్దు. ఆ గరగర ఉండే ఎగువ శబ్దాల్లోనే వెబ్‌స్టర్ ఊపిరీ, వయొలిన్ కమాను రాపిడీ ఉంటాయి. ఒకటి తీస్తే రెండోదీ పోతుంది. శ్రుతి హార్మోనియం రెండు మెట్ల మధ్య పడుతుంటే వేగం తప్పి ఎక్కించారని అనుమానించండి. వేగంలో 6 శాతం తేడా వస్తే శ్రుతి ఏకంగా పక్క మెట్టుకు మారిపోతుంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే మీ యంత్రానికి స్ట్రోబ్ కాగితం (దీపం కింద గీతలు కదలకుండా కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు) కొంటే 50 హెర్ట్జ్‌ది, 77 గీతలది తీసుకోండి. ఇక్కడి 92 గీతలది 60 హెర్ట్జ్ కరెంటుకు చేసింది, మన దీపం కింద తప్పు చూపిస్తుంది. పాత రికార్డుల గాడికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు 0.7 మిల్లే కాబట్టి గాడి అడుగున చెత్తలో పడి దొర్లుతుంది, చెవికి వినపడేది ఆ చెత్తే. చేత్తో తిప్పే గ్రామఫోనుకైతే ఉక్కు ముల్లు ఒక వైపుకు ఒకటి, మళ్లీ వాడకూడదు. కడిగేటప్పుడు స్పిరిట్ తగలనివ్వవద్దు, రికార్డులోని లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు. మెత్తటి బ్రష్‌ను గాడి వెంబడే తిప్పాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. నిలబెట్టి నీడలో ఆరనివ్వండి.

లక్క అన్నాను కదా, ఈ అమెరికా రికార్డుల్లో కలిసిన లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచి వచ్చిందే. యుద్ధంతో రవాణా కష్టమై 1942లో ఇక్కడి ప్రభుత్వం లక్క వాడకాన్ని బాగా తగ్గించింది. పాత రికార్డులు పోగుచేసి, పొడిచేసి కొత్తవాటిలో కలిపారు. అందుకే షా రికార్డు యుద్ధకాలపు ప్రతుల్లో రొద ఎక్కువ. ఎవరైనా అమ్మజూపితే 1940-41 ప్రతి అవునో కాదో కనుక్కోండి.

ఆర్మ్‌స్ట్రాంగ్ రెండు టేకులూ, జెన్నీ 8 బార్లూ విన్నాక మీకేమనిపించిందో రాయండి. శుద్ధ ధైవతం సంగతి హార్మోనియం మీద కుదిరిందో లేదో కూడా. పెద్దమ్మకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు
మీ అబ్బాయి