గొట్టం దిగలేదన్న ముక్క కాగితం మీద రాయరా?

సంపాదకుడు గారికి,

పోయినేడాది గాల్‌బ్లాడర్‌లో రాళ్లకని మా అక్కను ఒక ఆసుపత్రిలో థియేటర్‌లోకి తీసుకెళ్లారు. గంటన్నర తర్వాత బయటికి తెచ్చారు. కడుపు మీద గాటు లేదు, కింది పెదవి మాత్రం చిట్లి వాచింది. "మత్తు సరిపడలేదమ్మా, ఇంకోసారి చూద్దాం" అన్నారు. డిశ్చార్జి కాగితంలో 'ఆపరేషన్ వాయిదా' అన్న రెండు మాటలే.

నాలుగు నెలలకు మరో ఊళ్లో మత్తు డాక్టరుగారు ఆవిడ చేత నోరు తెరిపించి, నాలుక చాపించి, మెడ వెనక్కి వంచమని చూసి, "అప్పుడు పెదవికి దెబ్బేమైనా తగిలిందా?" అని అడిగారు. మత్తులో ఊపిరి అందించడానికి శ్వాసనాళంలోకి వేసే గొట్టం దిగలేదన్న సంగతి అప్పుడుగానీ మాకు తట్టలేదు. ఆయన అక్క మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నటి కెమెరా సాయంతో గొట్టం వేసి, ఆ తర్వాతే మత్తిచ్చారు.

మొదటి డాక్టర్లను నేను తప్పుపట్టను. కండరాలు సడలించే మందు పడ్డాక మనిషి తనంతట ఊపిరి తీసుకోలేడు. మాస్కుతోనో గొట్టంతోనో ఆక్సిజన్ అందకపోతే మెదడు ఓర్చేది కొద్ది నిమిషాలే. 2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే ఆవిడ మామూలు సైనస్ ఆపరేషన్‌కు వెళ్లి ఇందుకే ప్రాణం పోగొట్టుకుంది. అనుభవమున్న డాక్టర్లే గొట్టం కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. మా వాళ్లు ఆపేసి స్పృహ తెప్పించారు, సంతోషం. నా గొడవల్లా కాగితం గురించే.

నోరు తెరిపించి చూసే ఆ పరీక్షను ప్రపంచమంతా మల్లంపాటి పేరుతోనే పిలుస్తారు. 1985లో దాన్ని ప్రచురించిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవారు. (ఇది విని అక్క "అయితే మన జిల్లా పరీక్షేనన్నమాట" అంది.) కానీ గొట్టం దిగడం కష్టమయ్యే వాళ్లందరినీ ఆ పరీక్ష ఒక్కటే ముందుగా పట్టివ్వలేదు. ఇంతకుముందు గొట్టం దిగలేదన్న కబురే మత్తు డాక్టరుకు అన్నిటికన్నా గట్టి హెచ్చరిక. దాన్ని రాసిపెట్టాలని, రోగికి చెప్పాలని మన దేశంలో ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ అనే మత్తు వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ దీన్ని తప్పనిసరి చేయాలి. ఎందుకు కష్టమైంది, చివరికి దేనితో కుదిరింది అన్నది డిశ్చార్జి కాగితం పైనే తెలుగులోనూ రాయించాలి. రెండో డాక్టరుగారు రాసిచ్చిన చీటీని అక్క లామినేషన్ చేయించి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకుంది. రేపు ఏ రోడ్డు మీదో స్పృహ తప్పి 108లో వెళితే, అక్కడి డాక్టరుకు ఆ సంగతి చెప్పేది ఆ చీటీయే కదా.

— ఒక పాఠకుడు, తెనాలి