చేపల వేట విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం నాలుగుసార్లు టెక్సస్‌లోని రే రాబర్ట్స్ సరస్సుకు వెళ్ళింది. అక్కడి స్టేట్ పార్కులో ఒడ్డునుంచి గాలం వేసేవారికి లైసెన్సు అక్కర్లేదు. కొత్తగా చేరిన కుటుంబాలకు అది పెద్ద వెసులుబాటు.

ఫిబ్రవరిలో తొలిసారి వెళ్ళినప్పుడు అందరం దారానికి బిగించిన బెండ్లే వాడాం. ఊరి చెరువులో జీలుగ బెండు కట్టి చేపలు పట్టినవాళ్ళం, చేతికి అదే అలవాటు. క్రాపీ అనే మంచినీటి చేపలేమో పన్నెండడుగుల లోతున, మునిగిన కొమ్మల మధ్య ఉన్నాయి. ఆరడుగుల కర్రకు అంత దారం వేలాడుతుంటే విసరడం ఎవరివల్లా కాలేదు.

అందుకే మార్చిలో జారే బెండు కట్టడం నేర్పించాం. ముందు దారం మీద అడ్డుముడి, తర్వాత చిన్న పూస, ఆపైన నడుమ రంధ్రమున్న బెండు, దాని కింద సీసపు గుండు, చివర ఔన్సులో 16వ వంతు బరువున్న జిగ్, అంటే ఎరలా పనిచేసే, తల బరువున్న గాలపు కొక్కెం. అడ్డుముడి కర్ర వలయాల్లోంచి దూరి రీలుకు చుట్టుకుంటుంది కనుక విసిరేటప్పుడు బెండు కిందికి, గుండు దగ్గరికి వచ్చేస్తుంది. నీళ్ళలో పడ్డాక దారం జారుతూ దిగి, ముడి పూసకు తగలగానే ఆగుతుంది. ముడిని తడిపి బిగించాలి, లేకపోతే లోతు మారిపోతుంది.

ఆ రోజు పూసల పొట్లం మరిచిపోయాం. ముడి బెండు రంధ్రంలోంచి దూరిపోయి జిగ్‌లు కొమ్మల్లో చిక్కుకున్నాయి. ఒక సభ్యురాలు తన పాప మెడలోని పూసల దండ విప్పి తలా ఒకటి ఇచ్చారు. ఆమెకు విభాగం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

క్రాపీ పైకి చూస్తూ మేత పడుతుంది. ఎర దానికంటే ఒక అడుగు ఎత్తున ఉండాలి, కిందికి దించితే కన్నెత్తి చూడదు. బెండు పక్కకు ఒరిగితే ఎర సరస్సు అడుగుకు తగిలినట్టు, లేదా చేప దాన్ని నోట పెట్టుకుని పైకి లేచినట్టు. బెండు మునిగేదాకా చూస్తూ కూర్చుని ఎన్నో చేపలు పోగొట్టుకున్నాం. కర్రను నెమ్మదిగా ఎత్తండి. క్రాపీ మూతి కాగితంలా చిరుగుతుంది, చేతివల తప్పనిసరి.

పది అంగుళాలకు తగ్గినవాటిని వదిలేయాలి, రోజుకు మనిషికి 25కు మించకూడదు. పిల్లలే కొలబద్ద పట్టుకుని కొలిచారు, ఎంతో సంతోషం కలిగింది.

జూన్ మొదటి శనివారం టెక్సస్ అంతటా లైసెన్సు లేకుండా చేపలు పట్టవచ్చు. ఆ రోజు మళ్ళీ కలుద్దాం. పూసలు రెండు పొట్లాలు కొని సంఘం పెట్టెలో ఉంచాం.