జవాన్ల గోడకు ఆగస్టు 15 తొందర వద్దు

సంపాదకులకు నమస్కారం.

సైన్యంలో పనిచేసి వచ్చిన ఊరివాళ్ల బొమ్మలు, పేర్లతో బడి గోడకో పంచాయతీ ప్రహరీకో రంగులు వేయించాలన్న ఆలోచన ఈమధ్య చాలా ఊళ్లలో వినిపిస్తోంది. మంచి ఆలోచనే. తాడేపల్లిగూడెం మండలంలోని మిలిటరీ మాధవరానికి పేరులోనే ఆ చరిత్ర ఉంది. శ్రీకాకుళం, గిద్దలూరు వైపు ఏ పేరూ లేకుండానే తరతరాలుగా పిల్లల్ని సైన్యానికి పంపిన ఊళ్లున్నాయి. చిక్కల్లా ఒకటే. ఈ పని జులై ఆఖర్లో గుర్తుకొస్తుంది, ఆగస్టు 14 రాత్రి ఫోకస్ లైట్లు పెట్టి ముగిస్తారు. వానకు నానిన గోడ మీద వేసిన రంగు సంక్రాంతి నాటికి పొక్కులు లేస్తుంది. హడావుడిలో రాసిన పేర్లలో సగం గొడవలకు దారితీస్తాయి.

ఆవిష్కరణకు ఒక తేదీ కావాలంటే జనవరి 14 ఉండనే ఉంది. 1953లో జనరల్ కరియప్ప సైన్యాధిపతిగా పదవీ విరమణ చేసిన రోజది. ఏటా దాన్నే మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. పండక్కి ఊరంతా ఇంటిపట్టునే ఉంటుంది. వానలు, తుపాన్లు వెళ్లిపోయి గోడ ఆరివుంటుంది. అప్పటిదాకా ఏంచేయాలంటారా? పేర్లు సేకరించండి. రంగుల కన్నా ఎక్కువ కాలం పట్టే పని అదే.

పేరు, ర్యాంకు, పనిచేసిన కాలం, ఈ మూడూ డిశ్చార్జి బుక్ (ఉద్యోగం విడిచేటప్పుడు సైన్యం ఇచ్చే పుస్తకం) చూసే రాసుకోవాలి. నోటిమాట మీద రాయకూడదు. సైన్యం రికార్డుల్లో ఇంటిపేరు చివరికి పోతుంది, లేదా పొడి అక్షరంగా మిగులుతుంది. ఊళ్లో పిలిచే పేరు వేరుగా ఉంటుంది. రికార్డులో ఉన్న పేరు రాసి, కుటుంబం కోరితే పక్కన ఇంటిపేరు చేర్చడం మేలు. పుస్తకం పోగొట్టుకున్నవారి వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి చూడవచ్చు. ఆనరరీ (గౌరవ) కెప్టెన్‌ను ఉత్త కెప్టెన్ అని రాయకండి. ఇంజనీర్లలో సాపర్, ఫిరంగి దళంలో గన్నర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్ అన్న మాటల్ని కొట్టేసి అందరినీ సిపాయిలుగా రాస్తే వాళ్లు నొచ్చుకుంటారు, నొచ్చుకోవడం న్యాయమే. వైమానిక దళంలో కార్పొరల్, నౌకాదళంలో పెట్టీ ఆఫీసర్ అన్నవీ అంతే. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పనిచేసిన ఆడవాళ్లను చాలా జాబితాలు మరిచిపోతాయి. యుద్ధాల పేర్లు రాసేటప్పుడు 1962, 1965, 1971, కార్గిల్ అందరికీ గుర్తుంటాయి. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో పనిచేసినవాళ్లు, సియాచిన్‌లో చేసినవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తుకురారు.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కుటుంబాలు తప్పకుండా వచ్చి అడుగుతాయి. ఆ దళాలు సైన్యంలోవి కావు, కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. వాళ్లకు వేరే శీర్షికతో వేరే వరస ఇవ్వండి. కలిపేస్తే ఇటువాళ్లకూ అటువాళ్లకూ తృప్తి ఉండదు. ‘అమరులు’ అన్న మాట విధి నిర్వహణలో ప్రాణం పోయినవారికే వాడాలి. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న కుర్రాళ్ల యూనిట్, పోస్టింగ్ వివరాలు గోడ మీద ఉండనే కూడదు. సిద్ధమైన జాబితాను పంచాయతీ నోటీసు బోర్డులో నెలరోజులు ఉంచి, అభ్యంతరాలు కాగితం మీద తీసుకుంటే తరువాతి తలనొప్పులు చాలావరకు తప్పుతాయి.

జాతీయ జెండా విషయంలో జరిగే తప్పు అన్నిటికన్నా పెద్దది. మూడు రంగుల పట్టీలు వేసి, మధ్యలోని తెలుపు మీద అమరుల పేర్లు రాయడం చాలాచోట్ల కనిపిస్తుంది. జాతీయ గౌరవ చిహ్నాలకు అవమానాల నిరోధక చట్టం, 1971 ప్రకారం జెండా మీద రాతలు రాయకూడదు. ‘ఇది బొమ్మే కదా’ అనడానికీ వీల్లేదు, జెండా బొమ్మ కూడా జెండాయేనని ఆ చట్టమే చెబుతోంది. జెండా వేస్తే వెడల్పు, ఎత్తులు 3:2 నిష్పత్తిలో ఉండాలి, చక్రానికి 24 ఆకులుండాలి. నిలువుగా వేస్తే చూసేవారికి కేసరి ఎడమవైపు రావాలి. అసలు మా సలహా, జెండాను గోడ మీద వేయకుండా పక్కన కర్రకు ఎగరేయమనే. ఎండకు గోడ మీద అన్నిటికన్నా ముందు వెలిసేవి కేసరి, ఎరుపు రంగులే. వెలిసిన జెండాను అలా వదిలేయడం బాగోదు.

ఆర్టిస్టులు నెట్‌లోంచి దించుకునే ఫొటోలతో ఇంకో ఇబ్బంది. తీరా చూస్తే అమెరికా హెల్మెట్, అమెరికా తుపాకీ! 1971లో మనవాళ్లు వేసుకున్నది ఆలివ్ గ్రీన్ యూనిఫాం, పట్టుకున్నది 7.62 ఎస్ఎల్ఆర్ తుపాకీ. ఇన్సాస్ తుపాకీ కార్గిల్ కాలానిది. చిన్నచిన్న గళ్ల కొత్త యూనిఫాం 2022లో వచ్చింది, దాన్ని 1971 జవానుకు తొడగకండి. సెల్యూట్ బొమ్మలోనూ తేడా ఉంది. సైన్యంలో అరచేయి ఎదుటివారికి పూర్తిగా కనిపిస్తుంది, నౌకాదళంలో నేలవైపు తిరిగి ఉంటుంది, వైమానిక దళంలో ఈ రెంటికీ మధ్యస్థంగా ఏటవాలుగా. పతకం రిబ్బన్లు ఊహించి వేయకండి. వీరచక్ర సగం ముదురు నీలం, సగం కేసరి. మహావీరచక్ర సగం తెలుపు, సగం కేసరి. గీత గీసేముందు స్కెచ్‌ను ఊళ్లోని మాజీ సైనికులకు చూపిస్తే ఇవన్నీ పది నిమిషాల్లో తేలిపోతాయి.

ఇక గోడ. రోడ్డు వెడల్పులో పోయే గోడ వద్దు. అవతలివైపు మట్టి పోసివున్న గోడ అసలే వద్దు, దాని చెమ్మ ఎప్పటికీ ఆరదు. బడి గోడైతే హెడ్మాస్టరు అనుమతి, పంచాయతీదైతే తీర్మానం, రాతపూర్వకంగా ఉండాలి. చెమ్మ పరీక్ష తేలిక. అడుగు చదరపు ప్లాస్టిక్ షీటును గోడ అడుగుభాగాన నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి, మర్నాడు అదే సమయానికి తీసి చూడండి. లోపలివైపు నీటి చుక్కలుంటే ఆ గోడ ఇంకా సిద్ధం కాలేదు. కొత్త ప్లాస్టరింగ్‌కు కనీసం 28 రోజులు ఆగాలి. తెల్లగా ఉప్పు తేలితే పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పాత సున్నం పొరలుంటే ఇనుప బ్రష్‌తో గీకేయక తప్పదు. ఈ పని తప్పించుకుని పైన రంగేస్తే, అది సున్నంతో సహా పెచ్చులుగా ఊడుతుంది. పుట్టీ గుంటలకు మాత్రం చాలు, గోడంతా మందంగా పట్టించవద్దు.

40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడంటే 320 చదరపు అడుగులు. బయటి గోడల ప్రైమర్ నాలుగు లీటర్లు, బయటి గోడల ఎమల్షన్ రెండు పూతలకు ఆరేడు లీటర్లు పడుతుంది, గరుకు గోడైతే ఇంకొంచెం. బొమ్మలకు లీటరు డబ్బాలు చాలు. డిస్టెంపర్ వానకు కారిపోతుంది, సిమెంటు మీద ఎనామెల్ పొరలుగా లేస్తుంది. ఎరుపు, పసుపు కావాల్సినచోట వీలైనంతవరకు ఆక్సైడ్ రంగులు వాడితే ఎండకు ఆగుతాయి. డబ్బా మీద రాసినదానికన్నా ఎక్కువ నీళ్లు కలిపితే డబ్బులు మిగులుతాయి గాని రంగు మిగలదు. ధనుర్మాసంలో మంచు కురుస్తుంది కాబట్టి ఉదయం తొమ్మిదిన్నర దాటాక మొదలుపెట్టి సాయంత్రం నాలుగుకల్లా బ్రష్‌లు కడిగేయాలి.

కింది రెండడుగుల్లో బొమ్మలు, పేర్లు పెట్టకండి. వాన చినుకులు ఎగజిమ్మే బురదంతా అక్కడే పడుతుంది. ముదురు ఆక్సైడ్ పట్టీ వేసి వదిలేయండి. మిగిలిన ఆరడుగుల్లో ఒకటి శీర్షికకు, ఐదు పేర్లకు. ఇరవై అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం రెండున్నర అంగుళాలుండాలి. తెలుగులో వత్తులకు, గుడులకు చోటు కావాలి కాబట్టి వరసకు ఐదు అంగుళాలు వదలాలి. అంటే ఐదడుగుల్లో పన్నెండు వరసలు. నాలుగడుగుల వెడల్పు నిలువు వరసలు ఐదు గీస్తే అరవై పేర్లు పడతాయి, సగం గోడ వాటికే పోతుంది. పేర్లు యాభయ్యే ఉన్నా అరవై గళ్లు గీయండి. ఆవిష్కరణ మర్నాడే ఒకరిద్దరు వస్తారు.

బొమ్మను అంగుళానికి అడుగు చొప్పున గళ్లు కట్టి, సుద్ద దారం కొట్టి గోడకెక్కిస్తే పిల్లలూ చేయి వేయగలరు. వాళ్లకు పొలాలు, కొండలు, ఆకాశం లాంటి పెద్ద ఖాళీలు ఇచ్చి, ముఖాలు, అక్షరాలు చేయి తిరిగిన ఆర్టిస్టుకే వదలండి. దాతల పేర్లు ఒక మూల చిన్న వరసలో చాలు. నాయకుల బొమ్మలు వేస్తే ఎన్నికల కోడ్ వచ్చినరోజు ఆ భాగానికి సున్నం పడుతుంది, సున్నం వేసేవాడి చేయి అక్కడితో ఆగదు.

పైన వేసే క్లియర్ కోటు (రంగులేని పూత), రంగు వేసిన వారానికి, నీటి ఆధారిత మ్యాట్ రకమే వేయాలి. చెమ్మ ఉండగా వేస్తే పాలలా తెల్లబడుతుంది. పేర్ల ట్రేసింగ్ కాగితాలు, షేడ్ నంబర్లు, ప్రతి రంగులో అర లీటరు పంచాయతీ బీరువాలో భద్రపరిస్తే ఏటా డిసెంబరులో చిన్న మరమ్మతులు సులువవుతాయి.

జిల్లా సైనిక సంక్షేమ అధికారులకు ఒక విజ్ఞప్తి. పంచాయతీలు పంపే పేర్ల జాబితాను సరిచూసి, సంతకం చేసి అక్టోబరు లోగా తిరిగి పంపే ఏర్పాటు చేయగలరు.

— కొందరు గోడచిత్రకారులు, మాజీ సైనికులు
పశ్చిమ గోదావరి జిల్లా